లాంచీ ఇంజిన్ రా వాటర్ పంప్: ఒండ్రు నీళ్లలో తిరిగేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో లాంచీ నడిపేవాళ్ల దగ్గర ఇంజిన్ పుస్తకం ఉన్నా, అది సముద్రాన్ని మనసులో పెట్టుకొని రాసిందే. ఉప్పు పట్టకుండా ఏం చేయాలి, అడుగున గవ్వలు అతుక్కుంటే ఎలా గీకాలి, చలికి నీళ్లు గడ్డకట్టకుండా ఏం పోయాలి అని పేజీలకు పేజీలు ఉంటాయి. మన సిద్ధేశ్వరం, సంగమేశ్వరం, పాతాళగంగ రేవుల దగ్గర పంపును తినేది ఉప్పు కాదు, ఒండ్రు. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. మొదట్లో ఆ మట్టానికి 308 టీఎంసీలు పట్టేదని లెక్క. ఇప్పుడు అదే మట్టానికి రాసుకుంటున్నది 215.81 టీఎంసీలే. తగ్గినంత మేరా కృష్ణా, తుంగభద్ర మోసుకొచ్చి పోసిన మట్టే ఉంది. 2009 అక్టోబర్ వరద తీసిన తర్వాత కర్నూలు పాతబస్తీ ఇళ్లలో గచ్చు మీద మిగిలిన బురదను చేత్తో ఎత్తినవాళ్లకు అది ఎంత మెత్తగా ఉంటుందో, దాంట్లో సన్నటి ఇసుక ఎలా గరగరమంటుందో గుర్తుండే ఉంటుంది. మన ఇంజిన్లు ఆ నీళ్లు తాగే బతకాలి.

మన దగ్గర పంపును చెడగొట్టేది ఇంకొకటి ఉంది. ఎండాకాలం మట్టం పడిపోయి, లాంచీ గట్టున నెలల తరబడి ఊరికే నిలబడటం. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను. ఔకు, గండికోట, మైలవరం లాంటి జలాశయాల్లో డీజిల్ బోటు నడిపేవాళ్లకూ ఇదే పద్ధతి.

పంపు లోపల ఏముంది

ఇంజిన్‌కు రెండు నీళ్ల పంపులు ఉండొచ్చు. ఒకటి లారీ ఇంజిన్‌కు ఉన్నట్టే కూలెంట్‌ను లోపల్లోపల తిప్పేది. రెండోది నది నీళ్లను బయటి నుంచి లాగి, హీట్ ఎక్స్ఛేంజర్ (కూలెంట్ వేడిని నది నీళ్లకు వదిలే కూలర్) గుండా తోసి, పొగ గొట్టంలోకో పక్క పైపులోకో వదిలేది. ఈ రెండోదే రా వాటర్ పంప్. కొన్ని పాత లాంచీల్లో హీట్ ఎక్స్ఛేంజర్ ఉండదు, నది నీళ్లే నేరుగా ఇంజిన్ బ్లాకులోకి వెళ్తాయి. అలాంటి ఇంజిన్‌కు ఈ పంపు ఆగితే వేరే దిక్కు లేదు.

పంపు బాడీ కంచుది. దాంట్లో ఇత్తడి బొడ్డు చుట్టూ రబ్బరు రెక్కలున్న చక్రం తిరుగుతుంది, అదే ఇంపెల్లర్. బాడీ లోపల ఒక పక్క ఉబ్బెత్తుగా క్యామ్ ముక్క బిగించి ఉంటుంది. రెక్క ఆ ఉబ్బు మీదికి వచ్చినప్పుడు వంగుతుంది, దాటగానే నిటారుగా లేస్తుంది. లేచేటప్పుడు రెండు రెక్కల మధ్య ఖాళీ పెరిగి నీళ్లను లాక్కుంటుంది. మళ్లీ క్యామ్ దగ్గర వంగేటప్పుడు ఆ నీళ్లను బయటికి పిండేస్తుంది. అందుకే పైపులో గాలి ఉన్నా ఈ పంపు తనంతట తానే నీళ్లు ఎత్తుకుంటుంది.

దీని బలహీనతా ఇక్కడే ఉంది. రెక్కల కొసలు, అంచులు ప్రతి చుట్టులోనూ లోహాన్ని రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడికి నూనె, గ్రీజు అన్నీ నీళ్లే. నీళ్లు లేకుండా తిరిగితే రబ్బరు కాలడానికి నిమిషం, రెండు నిమిషాలు చాలు. నీళ్లలో ఇసుక ఉంటే కాలదు గానీ మెల్లగా అరుగుతుంది, రబ్బరుతో పాటు కంచూ అరుగుతుంది. మన దగ్గర ఎక్కువ పంపులు పోయేది ఇలా మెల్లగా అరిగే. అది ఒక్కరోజులో కనపడదు కాబట్టే ఎవరూ పట్టించుకోరు.

రోజూ చేయాల్సింది

పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేసేముందు అడుగు వాల్వు (పడవ అడుగున నది నీళ్లు లోపలికి వచ్చే చోట ఉండేది) తెరిచి ఉందో లేదో చేత్తో పట్టుకొని చూడాలి. రాత్రి ఎవరో మూసి ఉండొచ్చు. తర్వాత నీళ్లలోని చెత్తను ఆపే జాలీ డబ్బా మూత తీసి జాలీ కడగాలి. పాతాళగంగ వైపు తిరిగే బోట్ల జాలీల్లో పూలదండల దారాలు, గుడ్డ పీలికలు, కొబ్బరి పీచు చిక్కుతాయి. పైన సంగమేశ్వరం వైపు నాచు, గుర్రపుడెక్క వేళ్లు. ప్లాస్టిక్ కవరు మాత్రం జాలీ దాకా రాదు, పడవ అడుగున నీళ్లు లాగే రంధ్రానికే అతుక్కుంటుంది. జాలీ శుభ్రంగా ఉన్నా నీళ్లు రావడం లేదంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

మూత మళ్లీ పెట్టేటప్పుడు రబ్బరు రింగు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. ఇక్కడ తేడా వస్తే నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇంజిన్ స్టార్ట్ అయ్యాక వెంటనే గేరు వేయకుండా వెనక్కి వెళ్లి పొగ గొట్టం దగ్గరో, పక్క పైపు దగ్గరో నీళ్లు పడుతున్నాయా అని చూడాలి. అర నిమిషంలో రావాలి. రాకపోతే ఇంజిన్ ఆపాలి. కాసేపు చూద్దామని ఎక్సలేటర్ పెంచి చూడటం పంపును చేతులారా కాల్చుకోవడమే.

నడుస్తున్నప్పుడు సరంగు కళ్లు మీటరు మీద ఉంటాయి. మీటరును నమ్ముకుంటే ఆలస్యమవుతుంది. నది నీళ్లు ఆగినా కూలెంట్ వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది. నేరుగా నది నీళ్లతో చల్లబడే ఇంజిన్లలో అయితే బ్లాకులో నీళ్లే లేనప్పుడు సెన్సారు ఆవిరిలో ఉండి తప్పు చూపించొచ్చు. వెనక కూర్చున్న హెల్పర్ కళ్లే మొదటి మీటరు.

"అన్నా, నీళ్లు సన్నగా పడ్తాండాయి."

"పొగ తెల్లగా వస్తాందేమో సూడప్పా. ముందు ఎక్సలేటర్ తగ్గిస్తా."

ఇంత మాట్లాడుకునే అలవాటు ఉంటే చాలు. నీళ్లు సన్నబడటం, పొగలో తెల్లటి ఆవిరి పెరగడం, పొగ గొట్టం శబ్దం గరుకుగా, బోలుగా మారడం, కాలిన రబ్బరు వాసన, ఈ వరసలోనే వస్తాయి. మొదటిదానికే ఆపిన లాంచీకి ఇంపెల్లర్ ఖర్చుతో పోతుంది. చివరిదాకా పోయిన లాంచీకి పొగ గొట్టం రబ్బరు పైపు, హెడ్ ప్యాకింగ్, ఒక్కోసారి హెడ్డే. ఇంజిన్ బాగా కాగిపోతే ఆపి, తనంతట తాను చల్లారనివ్వాలి. కాగిన బ్లాకు మీదికి చల్లటి నది నీళ్లు ఒక్కసారిగా ఎక్కిస్తే ఇనుము పగులుతుంది.

ఎప్పుడు విప్పాలి

పుస్తకాల్లో సాధారణంగా ఏడాదికొకసారి లేదా కొన్ని వందల గంటలకొకసారి ఇంపెల్లర్ మార్చమని ఉంటుంది. మీ ఇంజిన్ పుస్తకంలో ఏముంటే అది గరిష్ఠం అనుకోండి. ఒండ్రు నీళ్లలో తిరిగే పంపును నా లెక్కలో 100 నుంచి 150 గంటలకొకసారి మూత తీసి చూడాలి. గంటలతో నిమిత్తం లేకుండా రెండు సందర్భాల్లో తప్పక విప్పాలి. వరద ఎర్రనీళ్లు తేరుకున్నాక ఒకసారి, నీళ్లు లేకుండా కొద్దిసేపైనా పంపు తిరిగిందని తెలిస్తే ఆ రోజే. తర్వాత నీళ్లు బాగా పడుతున్నాయని వదిలేయకండి. ఒకసారి కాగిన రెక్క ఆ రోజుకు పని చేసి, నడి నీళ్లలో తెగుతుంది.

విప్పడానికి ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

కొత్త ఇంపెల్లర్, మూత ప్యాకింగ్ లేదా ఓ-రింగ్, మూత స్క్రూలు నాలుగు అదనంగా. సరైన సైజు స్క్రూడ్రైవర్, సర్‌క్లిప్ ప్లయర్, ఇంపెల్లర్ పుల్లర్, పెద్ద ప్లాస్టిక్ టై ఒకటి, నున్నటి వాటర్ పేపరు, అద్దం ముక్క, టార్చి. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ చిన్న సీసా. పాత తెల్ల గుడ్డ.

ఇంపెల్లర్ కర్నూల్లో అడిగిన వెంటనే దొరికే సరుకు కాదు. కాకినాడ, విశాఖ, చెన్నై నుంచి తెప్పించుకోవాల్సి వస్తుంది కాబట్టి, విప్పాక వెతుకుదామనుకుంటే లాంచీ రేవులోనే ఉండిపోతుంది. కొనేటప్పుడు ఇంజిన్ పేరు కాదు, పంపు మీద ఉన్న నంబరు చెప్పాలి. ఒకే ఇంజిన్‌కు వేర్వేరు పంపులు వస్తాయి. రెక్కల సంఖ్య, బయటి వ్యాసం, వెడల్పు, బొడ్డు రంధ్రం, దాంట్లో గాడి ఉందా, పళ్లున్నాయా, ఇవన్నీ కలవాలి. నీళ్లకు నియోప్రిన్ రబ్బరుది తీసుకోండి. నైట్రైల్ రబ్బరుది నూనె కలిసిన నీళ్లు తోడే పంపులకు. ఇంజిన్ చల్లబరిచే పంపులో అది అంత కాలం మన్నదు.

విప్పే పద్ధతి

ఇంజిన్ చల్లగా ఉండాలి. అడుగు వాల్వు మూయండి. బ్యాటరీ స్విచ్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. పంపులో చెయ్యి ఉండగా ఎవరో సెల్ఫ్ కొట్టడం కంటే చెడ్డ విషయం ఇంకోటి లేదు. ఆ తాళం చెవిని మూసిన వాల్వుకే కట్టి వేలాడదీసే పద్ధతి ఇంకా మంచిది. వాల్వు తెరవకుండా ఇంజిన్ స్టార్ట్ చేయడం కుదరదు.

పంపు కింద గుడ్డ పరవండి. మూత స్క్రూలు చిన్నవి, ఇత్తడివి, అడుగు నీళ్లలో పడితే దొరకవు. స్క్రూలన్నీ సగం సగం వదులు చేసి, తర్వాత ఒక్కోటి తీయండి. మూత అతుక్కుపోయి ఉంటే అంచున సన్నటి కత్తి మొన పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా కదిలించండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే బాడీ అంచున పడిన గీత జీవితాంతం గాలి లాగుతుంది.

మూత తీశాక ఏదీ కదిలించకముందే సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. రెక్కలు ఏ వైపు వంగి ఉన్నాయో అదే మీకు ఆధారం.

ఇప్పుడు ఇంపెల్లర్ లాగాలి. కొన్నింటికి ముందు సర్‌క్లిప్పో, అడ్డంగా ఒక స్క్రూనో ఉంటుంది, అది చూసుకోండి. రెండు స్క్రూడ్రైవర్లు రెండు పక్కలా పెట్టి ఎత్తే అలవాటు మన మెకానిక్‌లలో చాలామందికి ఉంది. ఇంపెల్లర్ వస్తుంది, కాదనను. కానీ ఆ మొనలు ఆనిన చోట కంచు మీద దెబ్బ పడుతుంది, అక్కడ కొత్త రబ్బరు తిరిగిన ప్రతిసారీ గీరుకుంటుంది. పుల్లర్ లేకపోతే ముక్కు ప్లయర్‌తో ఎదురెదురు రెక్కల మొదళ్లు పట్టుకొని అటూ ఇటూ తిప్పుతూ లాగండి. పాత రబ్బరు ఎలాగూ పారేసేదే, బాడీ మాత్రం మారదు. షాఫ్టు గాడిలో ఉన్న చిన్న కీ ముక్క జారిపోకుండా చూసుకోండి.

విప్పినదాన్ని చదవడం

మెకానిక్ పనికి, సామాను మార్చే పనికి తేడా తెలిసేది ఇక్కడ. పాతది పారేసి కొత్తది తోసే ముందు పాతది ఏం చెబుతుందో వినాలి.

ఒక్కో రెక్కను వేలితో బాగా వంచి మొదట్లో చూడండి. నిటారుగా ఉన్నప్పుడు కనపడని పగులు వంచినప్పుడు నోరు తెరుస్తుంది. ఒక్క రెక్కకు పగులు ఉన్నా మొత్తం మార్చాల్సిందే. పగుళ్లు లేకుండా రెక్కలు ఒకే వైపు వంగి అలాగే బిగుసుకుపోతే లాంచీ చాలాకాలం నిలబడి ఉందని అర్థం. రెక్క కొసన గుండ్రటి ఉబ్బు చదునుగా అరిగితే ఒండ్రు పని. కొసలు, పక్క అంచులు నున్నగా మెరుస్తూ, గట్టిపడి, రబ్బరు కరిగి పూసినట్టుంటే అది నీళ్లు లేకుండా తిరిగింది. ఇలాంటిది కనపడితే కొత్తది వేసి ఊరుకోవద్దు. నీళ్లు ఎందుకు ఆగాయో తేలేదాకా కొత్తదానికీ అదే గతి.

ఇంకొకటి చాలామంది చూడరు. బొడ్డును ప్లయర్‌తో పట్టుకొని రబ్బరును చేత్తో గట్టిగా మెలిపెట్టండి. ఇత్తడికి, రబ్బరుకు మధ్య అతుకు విడిపోయి ఉంటే రబ్బరు జారుతుంది. పైకి రెక్కలన్నీ కొత్తవాటిలా ఉంటాయి. షాఫ్టు తిరుగుతుంది, రబ్బరు తిరగదు, నీళ్లు రావు. పంపు బాగానే ఉందనుకొని పైపులన్నీ విప్పుకుంటూ కూర్చుంటారు.

తర్వాత మూత. లోపలి వైపు గుండ్రటి గీతలు ఉంటాయి. ఎండలో వాల్చి చూస్తే పాత గ్రామఫోను రికార్డు మీద గీతల్లా మెరుస్తాయి. గోరుతో అడ్డంగా గీకండి. గోరు జారిపోతే పరవాలేదు. గోరు తట్టుకుంటే రెక్క అంచు పక్క నుంచి నీళ్లు వెనక్కి జారుతున్నట్టే. చాలా మూతలను తిరగేసి బిగించుకోవచ్చు, బయటి వైపు నున్నగా ఉంటే ఆ రోజుకు పని నడుస్తుంది. అక్షరాలు పోత పోసిన మూతలు తిరగేయడానికి పనికిరావు. గీతలు పైపైనే ఉంటే అద్దం ముక్క మీద వాటర్ పేపరు పరిచి, నీళ్లు చల్లి, మూతను ఎనిమిది అంకె తిప్పుతూ రుద్దండి. మొత్తం ఒకే రంగుకు వచ్చేదాకా రుద్దితే చదునైనట్టు. లోతుగా తింటే లేత్ షాపులో ముఖం పట్టించాలి, లేదా కొత్త మూత.

బాడీ లోపల వెనక గోడకు ఉన్న, రెక్కల రాపిడిని భరించే వేర్ ప్లేటును, క్యామ్ ముక్కను కూడా ఇలాగే గోరుతో చూడండి. క్యామ్ మధ్యలో గుంట పడితే రెక్క సరిగ్గా వంగదు, నీళ్లు తగ్గుతాయి. దాన్ని పట్టి ఉంచే స్క్రూ బయటి నుంచి ఉంటుంది. మార్చేటప్పుడు ఆ స్క్రూ దారాలకు కొద్దిగా సీలెంట్ రాయకపోతే అక్కడ గాలి లాగుతుంది.

తెగిన ముక్క దొరికేదాకా పని అయిపోలేదు

పాత ఇంపెల్లర్‌కు ఎన్ని రెక్కలు ఉండాలో, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండు రెక్కలు తక్కువైతే ఆ రెండూ ఎక్కడో ఉన్నాయి. చాలావరకు పంపు దాటి, పైపులో ముందుకు పోయి, గేరు ఆయిల్ కూలర్ దగ్గరో, హీట్ ఎక్స్ఛేంజర్ మొదట్లో సన్నటి గొట్టాల ముఖం మీదో అడ్డం పడి ఉంటాయి. ఇంజిన్ ఆపినప్పుడు నీళ్లు వెనక్కి జారి, ముక్క పంపుకు ఇవతలి పైపులోకీ రావచ్చు.

పంపు నుంచి బయటికి వెళ్లే పైపు విప్పి టార్చి వేసి చూడండి. తర్వాత నీళ్లు మొదట తగిలే కూలర్ మూత విప్పండి. అక్కడ రబ్బరు ముక్కలతో పాటు జాలీని దాటి వచ్చిన ఆకులు, ఒండ్రు గడ్డలు కూడా దొరుకుతాయి. ముక్కలన్నీ ఒక గుడ్డ మీద పరిచి, తెగిన చోట్లకు అతికించి సరిచూడండి. పూర్తి రెక్క కుదిరేదాకా వెతకండి. ఇది విసుగు పని, అందుకే చాలామంది కొత్త ఇంపెల్లర్ వేసి నీళ్లు పడ్డాయని సంతోషిస్తారు. రేవులో ఖాళీగా నడిచినప్పుడు ఆ నీళ్లు సరిపోతాయి. ప్రయాణికులు ఎక్కాక, ఎండలో, పూర్తి ఎక్సలేటర్ మీద సరిపోవు. కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజిన్ వేడి తగ్గలేదనే మాట వినపడితే నేను మొదట అడిగేది పాత రెక్కలు లెక్కపెట్టారా అనే.

హీట్ ఎక్స్ఛేంజర్ విప్పినప్పుడే దాని జింక్ పెన్సిల్ (కూలర్ లోహానికి బదులు తాను తినబడే కడ్డీ) కూడా చూడండి. మంచినీళ్లలో జింక్ మీద తెల్లటి పొర కట్టి పని ఆపేస్తుంది, ఇలాంటి నీళ్లకు మెగ్నీషియం వాడతారు. గొట్టాల్లో సున్నపు పొర గట్టిగా ఉంటే కూలర్ శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వాలి, ఇనుప కడ్డీ పెట్టి పొడవకూడదు.

మళ్లీ బిగించడం

బాడీ లోపల గుడ్డతో తుడిచి, పాత ప్యాకింగ్ ముక్కలు గోరుతోనో ప్లాస్టిక్ గీకుడుతోనో తీయండి. కొత్త ఇంపెల్లర్ మీద, బాడీ లోపల గ్లిజరిన్ పూయండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాయకండి, పెట్రోలియం నూనె తగిలిన నియోప్రిన్ ఉబ్బుతుంది. గ్లిజరిన్ లేకపోతే గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు పనికొస్తుంది. మొదటి కొన్ని చుట్లలో, నీళ్లు వచ్చేలోపు రబ్బరును కాపాడేది ఈ పూతే.

ప్లాస్టిక్ టై తీసుకొని రెక్కలన్నీ తిరిగే దిశకు వెనక్కి వాలేలా చుట్టి బిగించండి. షాఫ్టు మీద కీకి గాడి కలిపి లోపలికి తోస్తుంటే టై తనంతట తానే బయటికి జారిపోతుంది. దాన్ని కత్తిరించి తీసేయండి, లోపల వదలొద్దు. దిశ తప్పినా చాలా పంపుల్లో ఇంజిన్ తిరగగానే రెక్కలు తిరగబడతాయి, కానీ కొత్త రబ్బరును మొదటి చుట్టులోనే అంత హింస పెట్టడం ఎందుకు?

ప్యాకింగ్ విషయంలో గట్టిగా చెప్పాల్సింది ఉంది. మన దగ్గర ప్యాకింగ్ షీటు కొని, మూత పెట్టి గీసి, కత్తెరతో కత్తిరించి వేస్తారు. లారీ పనిలో అది నడుస్తుంది. ఇక్కడ ఆ కాగితం మందమే రెక్క అంచుకు, మూతకు మధ్య సందును నిర్ణయిస్తుంది. చాలా పంపుల ప్యాకింగ్ పావు మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. అర మిల్లీమీటరు షీటు వేస్తే నీళ్లు కారవు, పంపు బిగుతుగానూ కనపడుతుంది, కానీ లాగుడు పడిపోతుంది. ఎండాకాలం మట్టం తగ్గి గాలి, బురద కలిసి వచ్చే రోజుల్లో ఆ పంపు నీళ్లు ఎత్తలేదు. మరీ పలచటిది వేస్తే రబ్బరు మూతకు ఒత్తుకొని కాలుతుంది. కంపెనీ ప్యాకింగే వాడండి. తప్పనిసరై కత్తిరించాల్సి వస్తే పాతదాని మందం స్క్రూ గేజితో కొలిచి అదే మందం కాగితం వెతకండి. అనాబాండ్ లాంటి గమ్ము పూసి మూత అతికించడం అసలు వద్దు. లోపలికి పొంగిన గమ్ము విడిపోయి పోయేది కూలర్‌లోకే.

మూత పెట్టి స్క్రూలు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఇత్తడి స్క్రూ, కంచు దారం. మణికట్టు బలం చాలు.

అడుగు వాల్వు తెరిచి, జాలీ డబ్బాలో నీళ్లు నింపి మూత పెట్టి, తర్వాతే ఇంజిన్.

నీళ్లు కొలవడం

ఇంపెల్లర్, మూత, కూలర్ అన్నీ బాగున్న ఆ రోజే మీ పంపు ఎంత నీళ్లు ఇస్తుందో కొలిచి రాసుకోండి. నీళ్లు బయటపడే చోట బకెట్ పెట్టి, ఇంజిన్ ఐడిలింగ్ మీద ఉండగా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. ఒక స్థిరమైన ఎక్కువ ఆర్‌పీఎం మీద మళ్లీ కొలవండి. పొగతో కలిసి చిమ్మే చోట కుదరకపోతే ఎగ్జాస్ట్ ఎల్బో (నీళ్లు పొగలో కలిసే వంపు గొట్టం) దగ్గరికి వెళ్లే పైపును విప్పి, రబ్బరు గొట్టం తగిలించి కొద్దిసేపే కొలవండి. ఎల్బోకు నీళ్లు అందని ఆ కాసేపు పొగ పైపు కాగుతుంది కాబట్టి ఎక్కువ ఆర్‌పీఎం కొలత అక్కడ తీసుకోవద్దు.

ఈ అంకెలను ఇంజిన్ గది తలుపు లోపల పెయింటుతో రాయండి. నెలకొకసారి మళ్లీ కొలిస్తే పంపు ఎంత అరుగుతుందో ముందే తెలుస్తుంది. ఐడిలింగ్‌లో తగ్గి, ఎక్కువ ఆర్‌పీఎంలో సరిగ్గా ఉంటే మూత లేదా రెక్కల అరుగుదల. ఐడిలింగ్‌లో బాగుండి, వేగం పెంచినా నీళ్లు పెరగకపోతే దారిలో ఎక్కడో అడ్డు ఉంది: జాలీ, లాగే పైపు, కూలర్.

గాలి లాగడం

పంపు కొత్తది, జాలీ శుభ్రం, అయినా నీళ్లు ఆగి ఆగి, బుడబుడమంటూ పడుతుంటే లాగే వైపు ఎక్కడో గాలి దూరుతోంది. అడుగు వాల్వు నుంచి పంపు దాకా ఉన్న ప్రతి క్లిప్పు, ప్రతి అతుకు అనుమానితమే. జాలీ డబ్బా గాజుదైతే బుడగలు కనపడతాయి. బుడగలు ఉంటే తప్పు డబ్బా మూతలోనో అంతకు ముందో, లేకపోతే డబ్బాకు, పంపుకు మధ్య. ఇంజిన్ నడుస్తుండగా అతుకుల మీద సబ్బు నురుగు పూస్తే గాలి దూరే చోట నురుగు లోపలికి పోతుంది.

లాగే పైపు లోపల తీగ చుట్టు ఉన్నదే వాడాలి. మామూలు తోట పైపు వేడికి మెత్తబడి, ఎక్కువ ఆర్‌పీఎంలో చప్పిడిపోయి నీళ్లు ఆపుతుంది. ఇంజిన్ ఆపగానే మళ్లీ గుండ్రంగా అవుతుంది కాబట్టి విప్పి చూస్తే ఏమీ దొరకదు. నడుస్తున్నప్పుడే చూడాలి.

పంపు మెడ కింద రంధ్రం

నీళ్ల భాగానికి, బేరింగుల భాగానికి మధ్య పంపు మెడ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. నీళ్లు చుక్కలుగా కారుతుంటే వాటర్ సీల్ పోయింది, నూనె కారుతుంటే ఆయిల్ సీల్ పోయింది. కారుడు ఆపడానికి ఈ రంధ్రాన్ని ఎం-సీల్ పెట్టి మూసిన పంపులు చూశాను. ఇంజిన్ గేరుతో నేరుగా తిరిగే పంపుకు ఇలా చేస్తే నీళ్లు వెళ్లడానికి మిగిలిన దారి ఇంజిన్ ఆయిల్‌లోకే. డిప్‌స్టిక్ తీసి చూసేసరికి ఆయిల్ తెల్లగా నురగ కట్టి ఉంటుంది, తర్వాత బేరింగు షెల్లులు పోతాయి. రంధ్రం నుంచి కారడం పంపు చేస్తున్న మేలు. వారానికొకసారి సన్నటి తీగతో ఆ రంధ్రాన్ని పొడిచి, తెరిచే ఉందో లేదో చూసుకోండి.

సీల్ మార్చాలంటే పంపును ఇంజిన్ నుంచి తీసి బల్ల మీద పెట్టి చేయాలి. ఇంపెల్లర్ తీశాక, బేరింగు వైపు సర్‌క్లిప్ తీసి, షాఫ్టును ప్రెస్ మీద తోయండి. సుత్తి దెబ్బకు షాఫ్టు కొస ఉబ్బి కొత్త సీల్‌ను చీరుతుంది. వాటర్ సీల్ పెదవి ఇంపెల్లర్ వైపు, ఆయిల్ సీల్ పెదవి బేరింగు వైపు ఉండాలి. రెండింటి మధ్య షాఫ్టు మీద చిన్న రబ్బరు రింగు ఉంటే అది కారిన నీటిని విసిరేసేది, మళ్లీ పెట్టడం మరవకండి. షాఫ్టు మీద పాత సీల్ తిరిగిన చోట గోరుతో గీకండి. గోరు గాడిలో పడితే కొత్త సీల్ కూడా వారాల్లోనే కారుతుంది, షాఫ్టు మార్చాల్సిందే. ఒండ్రు నీళ్లలో ఈ గాడి త్వరగా పడుతుంది. బేరింగులు మామూలు సైజువే ఉంటాయి, పైన నంబరు చూపిస్తే బేరింగుల దుకాణంలో ఇస్తారు.

బెల్టుతో తిరిగే పంపు అయితే బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కినప్పుడు సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే పంపు బేరింగు పోతుంది.

స్టార్ట్ కాని ఇంజిన్‌ను ఎక్కువసేపు తిప్పడం

నీళ్లు పొగ గొట్టంలో కలిసే ఇంజిన్లకు ఈ జాగ్రత్త. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, ఇంజిన్ అందుకోకపోతే వాటిని బయటికి ఊదే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి, నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి ఎక్కుతాయి. రెండు మూడు సార్లకు అందుకోకపోతే అడుగు వాల్వు మూసి, సైలెన్సర్ నీళ్లు వంచేసి, డీజిల్ వైపు తప్పు వెతకండి. ఇంజిన్ అందుకున్న మరుక్షణం వాల్వు తెరవాలి. ఆ పనికి ఒక మనిషిని వాల్వు దగ్గరే కూర్చోబెట్టండి.

వరద రోజులు, ఎండాకాలం

జూలై, ఆగస్టులో ఎర్రనీళ్లు దిగినప్పుడు జాలీని రోజుకు రెండుసార్లు కడగాలి. సన్నటి ఒండ్రును ఏ జాలీ ఆపలేదు, మరీ సన్నటి జాలీ పెడితే నీళ్లే ఆగుతాయి. చేయగలిగింది ఒకటే, అనవసరంగా ఇంజిన్ నడపకపోవడం. రేవులో ప్రయాణికుల కోసం గంటల తరబడి ఐడిలింగ్‌లో ఉంచడం మానితే పంపు ఆయుష్షు పెరుగుతుంది.

మట్టం బాగా దిగువకు జారి, సంగమేశ్వరం గుడి పూర్తిగా బయటపడి, గట్లు బురదగా మారిన నెలల్లో ఒడ్డు దగ్గర లాంచీని నడిపే అడుగు ఫ్యాను బురదను లేపుతుంది, పంపు ఆ బురదనే లాగుతుంది. వీలైనంత దూరం వెదురు గడతో తోసుకొని లోతుకు వెళ్లాక స్టార్ట్ చేయండి.

లాంచీని గట్టున పెట్టేస్తుంటే ఆఖరి రోజు పంపుకు శుభ్రమైన నీళ్లు తాగించండి. లాగే పైపును డ్రమ్ములో పెట్టి, డ్రమ్ము ఖాళీ అయ్యేలోపే ఇంజిన్ ఆపండి. తర్వాత ఇంపెల్లర్ బయటికి తీసేయండి. లోపలే వదిలితే క్యామ్ దగ్గర వంగిన రెక్కలు అలాగే బిగుస్తాయి, ఏప్రిల్, మే ఎండకు కాగే ఇంజిన్ గదిలో రబ్బరు కంచుకు అతుక్కుపోతుంది. తీసిన దాన్ని కడిగి, ఆరబెట్టి, రెక్కలు ఒత్తుకోకుండా డబ్బాలో పెట్టి ఇంట్లో చల్లటి చోట ఉంచండి. పంపు మూతను ఉత్తగానే బిగించి, దాని మీద "ఇంపెల్లర్ లేదు" అని పెద్దగా రాసిన అట్ట ముక్కను కట్టండి. అలాంటిదే ఇంకోటి స్టీరింగుకు కట్టండి. మళ్లీ నీళ్లు వచ్చాక లాంచీని ఎవరు దించుతారో ఇప్పుడే చెప్పలేం.

లాంచీలో ఎప్పుడూ ఉండాల్సిన డబ్బాలో ఇంపెల్లర్ ఒకటి, అసలు మందం ప్యాకింగులు రెండు, స్క్రూలు, కీ ముక్క, క్లిప్పులు, గ్లిజరిన్ సీసా, టార్చి ఉంచండి. ఇంపెల్లర్ మార్చడం ఒకసారైనా రేవులో, పగటి వెలుగులో, హెల్పర్ చేత చేయించండి. నడి నీళ్లలో పడవ ఊగుతుండగా, చీకటిలో చేయాల్సి వచ్చేది అతనే.